అట్టాగేనయ్యా పెద్దాయన

ఆ రోజుల్లో నా ధీమా అంతా ఎక్స్‌రే సోకకుండా ఒంటిమీద వేసుకునే సీసపు కోటులోనే ఉండేది. గుంటూరులో ఒక ఆసుపత్రిలో, రక్తనాళాల బొమ్మలు తీసే యాంజియో గదిలో టెక్నీషియన్‌గా కొత్తగా చేరాను. ఆ కోటు వేసుకుంటే నేనే డాక్టరునన్నట్టు నడిచేవాణ్ణి (దాని బరువుకి సాయంత్రానికి నడుం పట్టేసేదనుకోండి). ఒకనాడు ప్రత్తిపాడు వైపు నుంచి ఒక మిరప రైతు వచ్చాడు. కాలేయంలో క్యాన్సర్, కోసి తీసే వీలు లేదు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం కాలేయం దాకా పంపి, డై అనే రంగుమందు ఎక్కించి, గడ్డకు రక్తం అందించే నాళం ఏదో ఎక్స్‌రే తెరమీద కనిపెట్టి, మందు అందులోకే వదలాలి. బొమ్మ తీసే ఆ కాసేపూ రోగి ఊపిరి బిగబట్టాలి. లేకపోతే కాలేయం కదిలి బొమ్మ అలుక్కుపోతుంది. దారి తప్పితే మందు బాగున్న భాగాన్ని దెబ్బతీస్తుంది.

అద్దానికి ఇవతల కూర్చుని మైకులో చెప్పడం నా పని. "ఊపిరి బిగబట్టండి పెదనాన్నా" అన్నాను. "అట్టాగేనయ్యా!" అన్నాడాయన. బొమ్మ పోయింది. "పలకొద్దు పెదనాన్నా." "పలకనయ్యా!" మళ్లీ పోయింది. ఎదుటివాడు మాట్లాడితే పలక్కుండా ఊరుకోవడం ఆయన ఇంటావంటా లేదు. లోపల మా డాక్టరుగారు "ఈయనకి డై ఇంకా ఎక్కించలేమయ్యా, కిడ్నీలు తట్టుకోవు. ఇంకొక్కసారి చూస్తా, కుదరకపోతే ఆపేద్దాం" అన్నారు. అంతవరకూ ఆపుకుంటున్న నవ్వు కాస్తా ఎటో పోయింది.

బయటికి పరుగెత్తి ఆయన భార్యతో మొరపెట్టుకున్నాను. "నా మాటకైతే పలకడు బాబూ. పెళ్లైన కాణ్ణించీ అంతే" అందామె. వెంటనే తీసుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టాను. "ఏమయ్యోయ్, ఊపిరి బిగబట్టు. కదిలావంటే చూడు!" పెద్దాయన కిక్కురుమనలేదు. తెరమీద ఆ నాళం వేరులా విచ్చుకుని కనబడింది. మందు వెళ్లాల్సిన చోటికే వెళ్లింది.

అంతా అయ్యాక ఆమె మైకులోనే "నొప్పెడతందా?" అని అడిగింది. జవాబు లేదు. మళ్లీ అడిగింది. లేదు. ఆమె మొహం పాలిపోయింది. గబగబా తలుపు తీశాను. "మాట్లాడితే బొమ్మ పాడైద్దన్నారు గదే!" అన్నాడు పెద్దాయన, ఆమెను చూసి. ఆమె నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ తర్వాత ఆయన రెండు పంటలు కళ్లారా చూసుకున్నాడు. ఆపై ఏడు ఎండుమిరపకాయల సంచితో ఆమె ఒక్కతే వచ్చింది. వెళ్తూ వెళ్తూ మైకు వైపు చూసి, "ఇప్పుడు నిజంగానే పలకటం లేదు బాబూ" అంది.

ఇప్పుడు ఊపిరి బిగబట్టమని యంత్రమే చెబుతోంది. దానికెవరూ పలకరు, బొమ్మలన్నీ చక్కగా వస్తున్నాయి. నేను మాత్రం రోగితోపాటు ఊపిరి బిగబట్టి, వదిలేటప్పుడు "అట్టాగేనయ్యా" అని గొణుక్కుంటాను. కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూసి నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది.