ఐదో ప్రశ్నకి నేను రాయించిన జవాబు

విజయనగరం నుంచి రామతీర్థం వెళ్లే దారిలో ఒక ఊరి హైస్కూల్లో నేను సోషల్ చెబుతాను. పదో తరగతికి క్లాస్ టీచర్ని కూడా. మా వైపు పిల్లలు పబ్లిక్ పరీక్షలు రాయకముందే ప్రైవేటు కాలేజీల వాళ్లు ఊళ్లోకి దిగుతారు. రంగుల కాగితాలు పంచుతారు, అరుగుల మీద కూర్చొని తండ్రులతో మాట్లాడతారు, ఫోన్ నంబర్లు రాసుకుంటారు. చదవబోయే పిల్లల్ని ఎవరూ ఏమీ అడగరు. ఆ లోటు తీర్చడానికే కాబోలు, రెండేళ్ల కిందట జనవరిలో పైనుంచి మాకో కాగితం వచ్చింది. కాలేజీ వెతుక్కునే ముందు ప్రతి విద్యార్థీ తన గురించి తాను ఆలోచించుకోవాలి. అందుకు ఐదు ప్రశ్నలు.

ప్రశ్నలు మంచివే. ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు చేసే పని ఏమిటి? ఏ పనిలో ఉంటే నీకు టైము తెలియదు? నీకు దేనికి భయం? పదో తరగతి తర్వాత ఏం చదవాలనుకుంటున్నావు, ఎందుకు? చివరిది: ఈ ఆలోచన నీదా, ఇంకెవరైనా చెప్పిందా? పిల్లలు వారం రోజులు ఇంటి దగ్గర ఆలోచించుకొని రాయాలని, తల్లో తండ్రో చదివి సంతకం పెట్టాలని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆ చిన్న అక్షరాలు నేను చదివాను. చదవలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

చదివి, ఆ కాగితాల కట్టని బల్ల సొరుగులో పెట్టి మర్చిపోయాను. వారం గడిచింది. శనివారం మధ్యాహ్నం హెడ్మాస్టారు వచ్చి, నాలుగింటికల్లా నలభై రెండు కాగితాలూ ఫోటోలు తీసి యాప్‌లో పెట్టెయ్యాలి, సంతకాలు సోమవారం చూసుకోవచ్చు అన్నారు. అప్పటికి రెండున్నర.

నా చేతికి బాగా అలవాటైన పని ఒకటుంది. ప్రశ్న కనబడితే జవాబు రాయించడం. మౌర్యుల పరిపాలన నుంచి రుతుపవనాల దాకా అన్నిటికీ నా దగ్గర ఐదు పాయింట్ల జవాబులున్నాయి. పిల్లలు వాటిని బట్టీ పట్టి మంచి మార్కులు తెచ్చుకున్నారు, నాకు మంచి పేరొచ్చింది. ఆ రోజు కూడా అదే చేశాను. కాగితాలు పంచి, సుద్దముక్క తీసుకొని బోర్డు మీద రాశాను. నేను ఎవరూ చెప్పకుండానే చదువుకుంటాను. చదివేటప్పుడు నాకు టైము తెలియదు. నాకు దేనికీ భయం లేదు. నేను ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివి, ఇంజనీరునై, నా తల్లిదండ్రులకు, దేశానికి మంచి పేరు తెస్తాను. బైపీసీ కావాలనుకున్నవాళ్లు ఇంజనీరు బదులు డాక్టరు అని రాసుకోండి అన్నాను. నేను వాళ్లకిచ్చిన స్వేచ్ఛ అంతే. ఐదో ప్రశ్నకి ఇలా రాశాను: ఈ ఆలోచన పూర్తిగా నా సొంతం.

ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకు నవ్వయినా రాలేదు. పిల్లలకీ రాలేదు. స్కేలు పెట్టి మార్జిన్ గీసుకొని నలభై ఒక్క మంది రాసుకుపోతున్నారు.

మూడో బెంచీలో ఒక అమ్మాయి మాత్రం నేను బోర్డు దగ్గరికి వెళ్లకముందే రాయడం మొదలుపెట్టేసింది. దగ్గరికి వెళ్లి చూశాను. మొదటి ప్రశ్నకి ఆమె రాసింది ఇది: మా బోరు మోటారు వేసినప్పుడు ఏ మడి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూసి నోటుబుక్కులో రాసుకుంటాను. మిగతా నాలుగింటికీ తెలీదు, తెలీదు, తెలీదు, తెలీదు.

నేను ఆ కాగితం పైకెత్తి క్లాసుకి చదివి వినిపించాను. మోటారు మెకానిక్కువి అవుతావా ఏంటి, అని అడిగాను. క్లాసంతా నవ్వింది. ఆమె తల దించుకొని రబ్బరుతో అన్నీ చెరిపేసి, బోర్డు చూసి రాసింది. నాలుగింటికి పది నిమిషాలుండగానే ఫోటోలన్నీ పెట్టేశాను. హెడ్మాస్టారు మెచ్చుకున్నారు.

ఆ అమ్మాయి వాళ్లది వ్యవసాయ కుటుంబం. కొంచెం వరి, కొంచెం మొక్కజొన్న. తండ్రి కూడబలుక్కొని చదువుతాడు. సోమవారం కూతురు తెచ్చిన కాగితం ఆయన రెండుసార్లు చదివి సంతకం పెట్టాడట. తిరిగి నాకు ఇవ్వడానికి ముందు జిరాక్స్ కూడా తీయించుకున్నాడట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. పరీక్షల్లో ఆమెకి మంచి మార్కులొచ్చాయి. జూన్‌లో విశాఖలో ఒక హాస్టల్ కాలేజీలో ఎంపీసీలో చేర్పించారని విన్నాను. సంతోషించాను. స్కూల్లో ఎవరు అడిగినా నా క్లాసు పిల్లే అని చెప్పుకున్నాను కూడా.

దసరా సెలవులకి ఇంటికొచ్చిన పిల్ల మళ్లీ వెళ్లనంది.

సెలవులు అయిపోయిన రెండో రోజు, మేం స్టాఫ్ రూమ్‌లో భోజనాలు చేస్తుండగా తండ్రి ఆమెని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పట్టాదారు పాసుపుస్తకం, దాని మధ్యలో మడతపెట్టిన ఆ జిరాక్సు. నాకు దణ్ణం పెట్టి, కూతుర్ని చూపిస్తూ మెల్లగా మొదలుపెట్టాడు.

"మేస్టారూ, ఈ గుంట మీమీద అబద్దం ఆడినాది. మీ ముందలే తేల్చీదామని తెచ్చేను."

సంగతి ఆయన చెప్పుకుపోయాడు. ఆ కాలేజీ వద్దంటోంది. ఎందుకే అంటే అక్కడ ఏం అర్థం కావడంలేదంటోంది, తనకి ఎంపీసీ కావాలో ఇంకోటి కావాలో తెలీదంటోంది. మరి నీ చేత్తో నువ్వే రాశావు కదా, నా సొంతం అని, అంటే కొత్త మాట చెబుతోంది.

"మేస్టారు బోర్డు మీద రాసీసినారు, మేం సూసి రాసీసేం అంటాది. మేస్టార్లు అలగ రాయిస్తారేటండీ? దేనికైనా రాయిస్తారు గానీ, నీ మనసులో ఏటున్నాదని అడిగితే దానికి కూడానా?"

లెక్కల మాస్టారు పెరుగన్నం కలుపుతూ ఆగారు. గదిలో ఉన్న నలుగురికీ నేను రాయించానని తెలుసు. ఎవరూ నా వైపు చూడలేదు. హెడ్మాస్టారు పక్క గదిలో ఉన్నారు, తలుపు తీసే ఉంది. నేను, పిల్లలకి అర్థమవడానికి ఒక మోడల్ ఇచ్చామండీ, రాయడం మాత్రం వాళ్లిష్టమే, అన్నాను. ఆ మాట పూర్తి అబద్ధం కాకుండా చూసుకున్నానని అప్పుడు అనుకున్నాను.

"ఇన్నావా," అన్నాడు తండ్రి కూతురితో. "మేస్టారికి సారీ సెప్పు."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపంగా చూస్తే నాకు తేలికగా ఉండేది. నేను ఇంకా ఏదో చెబుతానేమోనని ఎదురుచూస్తున్నట్టు చూసింది. తర్వాత "సారీ సార్" అంది. నేను "పర్వాలేదమ్మా" అన్నాను.

నా జీవితంలో చెప్పుకోడానికి సిగ్గుపడే పనులు ఇంకా ఉన్నాయి. కానీ ఆ "పర్వాలేదమ్మా" లాంటిది లేదు. నేను చేసిన తప్పుకి ఒక పదహారేళ్ల పిల్ల నాకు క్షమాపణ చెబితే, పెద్దమనసుతో పుచ్చుకున్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులు నాకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. చెప్పేస్తే ఆ తండ్రికి మాస్టార్ల మీద నమ్మకం పోతుంది కదా అని ఒకసారి, చెప్పకపోతే కూతురి మీద పోతుంది కదా అని ఇంకోసారి. అసలు ఆ పిల్ల మోటారు దగ్గర కూర్చొని నిమిషాలు లెక్కపెట్టడం లెక్కల మీద ఇష్టమే కదా, అలాంటప్పుడు ఎంపీసీ సరైనదే కదా, నేను తెలియకుండానే మేలు చేశానేమో అని మరోసారి. ప్రతి ఆలోచనా నన్ను తప్పించడానికే వస్తోందని గ్రహించేసరికి ఇంకోటి తయారయ్యేది.

సొరుగులో ఒక ఖాళీ కాగితం మిగిలి ఉంటే, ఒక పూట లీజర్ పీరియడ్‌లో దాన్ని నేనే పూర్తిచేద్దామని కూర్చున్నాను. మొదటి ప్రశ్న దగ్గరే పెన్ను ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండా నేను చేసే పని ఏమిటి? ఐదో ప్రశ్న ఇంకా కష్టం. శ్రీకాకుళంలో ఇంటర్ అయ్యాక నా స్నేహితుడు టీచర్ ట్రైనింగ్‌కి దరఖాస్తు పెడుతుంటే తోడుగా వెళ్లి నేనూ పెట్టాను. అతను ఇంకో దారిన పోయాడు, నేను ఉండిపోయాను. ఉద్యోగం ఇష్టమా అంటే ఇష్టమే అంటాను. ఎప్పటి నుంచి ఇష్టమో, ముందు ఇష్టం వచ్చిందో ఉద్యోగం వచ్చిందో చెప్పలేను. నలభై ఆరేళ్లవాణ్ణి. నిజంగా రాయాల్సి వస్తే నేనూ నాలుగుచోట్ల తెలీదు అనే రాయాలి. ఆ అమ్మాయి పదిహేనేళ్లకే అది రాయగలిగింది. నేను దాన్ని చదివి నవ్వించాను.

ఆదివారం పొద్దున్నే బండి తీశాను. వాళ్ల ఊరి పొలిమేరలో రోడ్డు మీద సగం దాకా మొక్కజొన్న ఆరబోసి ఉంది, అంచుల్లో రాళ్లు పేర్చి ఉన్నాయి. ఆ అమ్మాయి గింజల మీద కాళ్లీడ్చుకుంటూ తిరగబోస్తోంది. తండ్రి గోనెసంచులు దులుపుతున్నాడు. నన్ను చూసి తలకున్న తువ్వాలు తీసి, టీ తెప్పిస్తానన్నాడు. వద్దన్నాను. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. మీ అమ్మాయి చెప్పింది నిజం. ప్రతి మాటా నేను బోర్డు మీద రాసిందే. తను సొంతంగా రాసుకుంటే చెరిపించింది నేను.

ఆయన చేతిలోని గోనెసంచి మడిచి కింద పెట్టాడు. ఆటో ఒకటి రాళ్లని తప్పించుకుంటూ పోయింది.

"మరి ఆయేళ సెప్పలేదేటి?" అన్నాడు.

"సిగ్గేసింది. భయం వేసింది," అన్నాను.

"దాన్ని నాను కొట్టేను మేస్టారూ. ఇస్కూలుకి తెచ్చీముందర. మేస్టార్ని అంతమాట అంటావా అని కొట్టేను."

నన్ను తిట్టమని అడగాలనిపించింది. అదీ నా కోసమే కదా అని ఊరుకున్నాను. ఆయన తిట్టలేదు. కూతురి వైపు చూశాడు. రోడ్డు పక్కనే ఉన్న ఇంట్లోకి వెళ్లి ప్లాస్టిక్ కవరు తెచ్చి, అందులోంచి జిరాక్సు తీశాడు.

"ఇప్పుడు సెప్పిందే దీనెనకాల రాసీండి. కింద మీ పేరు, సంతకం. కాలేజీ సూసి సేర్పించింది మా బావ. గుంట ఫోన్లు సూసి పాడైపోయింది అని ఊరంతా సెప్తన్నాడు. నా నోటి మాట ఇనడు, రాత ఉంటే ఇంటాడు."

అప్పుడు కూడా వెంటనే ఒప్పుకోలేదని రాసుకోవాలి. మీ బావగారి దగ్గరికి నేనే వచ్చి నోటితో చెబుతాను అన్నాను. కాగితం ఫోటో తీసి ఎవరికైనా పంపితే నా ఉద్యోగం ఏమవుతుందో అని మనసు అటు పరుగెత్తింది. ఆయన బలవంతం చెయ్యలేదు, కాగితం పట్టుకొని అలాగే నిలబడ్డాడు. అమ్మాయి గింజలు తిరగబోయడం ఆపేసింది. ఆ చూపు మళ్లీ స్టాఫ్ రూమ్‌లో చూసినదే.

బండి సీటు మీద కాగితం పరిచి రాశాను. ముందువైపున్న జవాబులు ఈ విద్యార్థినివి కావు, నావి. ఆమె రాసుకున్న జవాబులు నేను చెరిపించాను. ఆమె తండ్రి అడిగినప్పుడు నేను నిజం చెప్పలేదు. ఈమె అబద్ధమాడలేదు. పేరు రాసి సంతకం పెట్టాను. తండ్రి దాన్ని తను చదవకుండా కూతురికిచ్చి, "సదువు" అన్నాడు.

ఆమె క్లాసులో పాఠం చదివినట్టే నిలబడి, వాక్యం వాక్యం ఆపి చదివింది. చివరికి వచ్చాక కాగితం మడిచి తండ్రికిచ్చింది. నేను బండెక్కబోతుంటే వెనక నుంచి అడిగింది.

"మిగతావోల్లకి కూడా రాసిస్తారా సార్?"

చూస్తాను అని మాత్రం అని వచ్చేశాను.

ఆమె ఆ ఏడాదంతా ఇంట్లోనే ఉంది. తండ్రి బావ ఆ కాగితం చదివి కూడా నమ్మలేదట, మేస్టారు జాలిపడి రాసుంటాడన్నాడట. తండ్రి మాత్రం కూతురిని ఏమీ అడగలేదు, తొందరపెట్టలేదు. మరుసటి జూన్‌లో దగ్గర్లోని గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ఆమె తనంతట తానే చేరింది. ఏ గ్రూపు అని అడిగితే ఎంపీసీ అన్నారు. అది విన్నప్పుడు నాలో చిన్న సంతోషం కదిలింది, చూశావా నేను రాయించిందే కదా, అని. ఇంత జరిగాక కూడా అది ఇంకా నాలో బతికే ఉందని తెలిసి భయం వేసింది.

మిగతా నలభై ఒక్క మందిలో ఇప్పటికి పదకొండు మందిని కలిశాను. ఇద్దరికి ఆ కాగితం సంగతే గుర్తులేదు. ఒకమ్మాయికి పెళ్లయింది. ఒకతను స్వీట్ల డబ్బా తెచ్చి, మీరు రాయించినట్టే చదువుతన్నాను సార్, మంచి మార్కులొస్తన్నాయి, అని కాళ్లకి దణ్ణం పెట్టాడు. అతనికి నేనేం చెప్పాలి? ఆ మాట నాది, నీది వెతుక్కో అని చెబితే, బాగా నడుస్తున్నవాణ్ణి నిలబెట్టి తడబడేలా చెయ్యడం కాదా? చెప్పకపోతే మళ్లీ అదే పని చేస్తున్నట్టు కాదా? డబ్బా చేతిలో పట్టుకొని, లోపలికి రా, కాసేపు మాట్లాడదాం అన్నాను. బస్సుకి టైమైపోతన్నాది సార్ అన్నాడు. నేను గేటు దాకా అతని వెంట నడిచాను, ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించుకుంటూ.