అడుగు కనబడని నీళ్లు

మా మేనకోడలి చెప్పులు కొలను గట్టు మీద ఉన్నాయి. తువ్వాలు పక్కనే కుర్చీ మీద ఉంది. అమ్మాయి మాత్రం లేదు. కొలను నిండా నీళ్లున్నాయి కాని, అవి బియ్యం కడిగిన నీళ్లలా, ఇంకా చిక్కగా, తెల్లగా ఉన్నాయి. దిగే మెట్లలో మొదటిది కనబడుతోంది. రెండోది కనబడటం లేదు.

"గుంట పక్కింటికి ఎల్లుంటాదిలే," అంది అక్క వంటింటి గుమ్మంలోంచి. అంటూనే చెప్పుల వైపు చూసింది. మే నెల మధ్యాహ్నం బిలాస్‌పూర్‌లో చెప్పుల్లేకుండా పక్కింటికి ఎవరూ వెళ్లరు. అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

బావ వరండాలోంచి ఒక్క పరుగున వచ్చి, చొక్కాతోనే దూకాడు. "బేగి దిగరా! నువ్వు మెట్లకాడి నుంచి రా!" అని నన్ను కేకేశాడు. నేను దిగాను. తల ముంచి కళ్లు తెరిస్తే మండాయి. నా చెయ్యి నాకే కనబడలేదు. పొగమంచులో లారీ లైట్లు వేస్తే ముందంతా తెల్లటి గోడ నిలబడుతుంది చూడండి, అలా ఉంది.

ఆ నీళ్లు అలా ఎందుకయ్యాయో చెప్పాలి.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన తరువాత నాలుగైదేళ్లకు బావ నెహ్రూ నగర్‌లో ఇల్లు కట్టాడు. ఊరి చివర తిఫ్రాలో ఆయనకు బొగ్గు లారీల వ్యాపారం ఉండేది. ఇంటి వెనక జాగాలో చిన్న ఈతకొలను కట్టించాడు. ఒక పక్క నడుము లోతు, రెండో పక్క నిలువు లోతు. రైల్వే క్వార్టర్‌లో పుట్టి, నల్లా దగ్గర వంతుల కోసం కొట్లాడిన మనిషికి అదొక తీరని ముచ్చట. చుట్టాలు వస్తే ముందు కొలను చూపించి, ఆ తరువాతే మంచినీళ్లు ఇప్పించేవాడు.

కాని ఆ నేలంతా సున్నపురాయి. బోరు నీళ్లు కాచిన గిన్నెకు వారంలో తెల్లగా పొర కట్టేది. వేసవిలో కొలను నీళ్లు ఆవిరైపోతుంటే మళ్లీ బోరు నీళ్లే పోసేవారు. నీరు పోయేది, సున్నం ఉండిపోయేది. పైగా నాచు పట్టకుండా చల్లే బ్లీచింగ్ పౌడరు సున్నాన్ని ఇంకాస్త పెంచేది. రెండో వేసవికల్లా నీలం పలకల మీద నీటి అంచు వెంబడి తెల్లటి పెచ్చు గట్టిపడింది. పిల్లల మోకాళ్లు గీరుకుపోయేవి.

రాయపూర్ నుంచి ఒకాయన నెలకోసారి వచ్చేవాడు. చిన్న సీసాలో కొలను నీళ్లు పట్టి, చుక్కలు వేసి, రంగు చూసేవాడు. రంగు ముదిరితే కొలత ప్రకారం కాస్త యాసిడ్ కలిపేవాడు. ఆయన పద్ధతి అక్క మామగారికి గిట్టేది కాదు.

అక్క మామగారు రైల్వే లోకో షెడ్డులో రిటైరైన మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చి, ఆవిరి ఇంజన్లున్నంత కాలం బాయిలర్లు కడిగే పని చేశారు. బాయిలర్ గొట్టాలకు సున్నం పెచ్చు కడితే ఇంజను చెడుతుంది. అందుకని నీళ్లలో సోడా కలుపుతారు. కరిగి ఉన్న సున్నం విరిగి, తెల్లటి బురదగా కిందికి దిగుతుంది. వాల్వు తిప్పితే ఆ బురద బయటికి పోతుంది. ఆయన జీవితమంతా ఆ బురద వదిలేయడంలోనే గడిచింది.

"ఆ రాయపూరోడు సుక్కలేసి, రంగు సూసి ఎలిపోతాడు. రంగు సూడ్డానికి అంత దూరం నుంచి మనిషి కావాలేటి?" అనేవారు. పలక మీది పెచ్చును గోటితో గీకి, వేళ్ల మధ్య నలిపి, నాలిక మీద వేసుకునేవారు. "ఇది బాయిలర్ సున్నమే. నాకు సెప్పీదేటి?"

"మావయ్యా, దానికి ఇంజను తగిలించి కర్గీ రోడ్ స్టేషన్ దాకా నడిపించెయ్యండి, పోనీ," అనేది అక్క.

"నడిపిస్తానే అమ్మా. నువ్వు టికెట్టు కొంటావేటి?"

ఆ ఆదివారం పొద్దున ఆయన బకెట్లలో బట్టల సోడా కలిపి కొలను చుట్టూ పోశారు. బాగా కలవడానికి మోటారు వేశారు. భోజనాలయ్యాక మోటారు ఆపి, తెలుపు అడుక్కి దిగాక, కింది గొట్టం విప్పి వదిలేయాలన్నది ఆయన లెక్క. బాయిలర్‌లో మనుషులు ఈదరు. ఆ సంగతి ఆయన లెక్కలో లేదు.

నీళ్లలో ఇక కళ్లతో వెతికే ప్రయత్నం మానేశాను. కాళ్లతోనే వెతకాలి. పాదాలు నేల మీద ఈడుస్తూ నడిచాను. పత్రికలో పనిచేస్తూ అర్పా నదిలో మునిగినవాళ్ల వార్తలు చాలా రాశాను. ఒడ్డున నిలబడ్డవాళ్లను అడిగి రాసేవాణ్ణి. దిగినవాడి కాలికి ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా అడగలేదు. నా కాలికి ఏదైనా తగలాలి, తగలకపోతే అమ్మాయి దొరకదు. కాని ప్రతి అడుగు దగ్గరా, తగులుతుందేమోనని కాలు ముడుచుకుపోతోంది.

లోతు వైపు బావ మునుగుతూ లేస్తూ పేరు పెట్టి పిలుస్తున్నాడు. నీళ్ల కింద ఉన్న పిల్ల పలకదని ఆయనకు తెలియక కాదు. అక్క గట్టు మీద అటూ ఇటూ పరుగెడుతూ, "ఏటైనా కనబడిందేటిరా? ఏటైనా?" అని అడుగుతూనే ఉంది. అక్క మామగారు మాత్రం ఒక్క మాట అన్నారు: "మోటారు! గొట్టం లాగుతాది!" వెళ్లి మోటారు ఆపేశారు. ఆ చప్పుడు ఆగిపోయాక నాకు ఇంకా భయమేసింది. నీళ్లు కదలడం మానేశాయి. వాటి కింద ఏదీ కదలడం లేదని అర్థమైంది.

మెట్లకు ఎడమ పక్క, నేల వాలు మొదలయ్యే చోట, నా కాలి వేళ్లకు జడ తగిలింది.

పైకి తీసేసరికి అమ్మాయి ముఖం తెల్లగా పూత పూసినట్టుంది. నుదుటి మీద బొప్పి కట్టి, నెత్తురు సన్నగా కారుతోంది. గట్టు మీద పడుకోబెట్టాం. బావ నోట్లో నోరు పెట్టి ఊదాడు. ఏమీ కాలేదు. మళ్లీ ఊదాడు. నేను ఆ చిన్న ఛాతీ వైపే చూస్తున్నాను. అది బావ ఊపిరికి లేచి, మళ్లీ పడిపోతోంది. తనంతట తను లేవడం లేదు. అక్క నా భుజం పట్టుకుని ఉంది, ఆ గోళ్ల గుర్తులు తరువాత చూసుకున్నాను. ఎంతసేపు గడిచిందో ఇప్పటికీ చెప్పలేను. చివరికి అమ్మాయి ఒళ్లు ఒకసారి ఎగిసిపడింది. తెల్లటి నీళ్లు కక్కి, దగ్గి, ఏడుపు లంకించుకుంది. అంత మంచి ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

భయం అంతటితో పోలేదు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు వెళ్లాయని, మర్నాటి దాకా ఏమీ చెప్పలేమని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. నీళ్లలో ఏం కలిపారని అడిగాడు. సోడా అని చెబితే, ఎందుకన్నట్టు "కిస్ లియే?" అన్నాడు. అమ్మాయి కళ్లు ఎర్రగా వాచి, రెండు రోజులు తెరుచుకోలేదు. దగ్గినప్పుడల్లా మేమందరం లేచి నిలబడేవాళ్లం. మెల్లగా జ్వరం తగ్గింది. అన్నం అడిగింది. అప్పుడు బావ కారిడార్‌లోకి వెళ్లి గోడకు తల ఆనించి నిలబడ్డాడు.

ఇంటికి తిరిగొచ్చి చూస్తే కొలనులో నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి. అడుగంతా మెత్తగా వెల్ల వేసినట్టు తెల్లటి బురద పరుచుకుని ఉంది. పెద్దాయన చెప్పినట్టే సున్నం కిందికి దిగింది. ఆయన గట్టు మీద నిలబడి కాసేపు చూశారు. తరువాత లోపలికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే బావ ఆయన్ను అడిగాడు. "పిల్లకి సెప్పావా, దిగొద్దని?"

"సెప్పాన్రా. తెలుపు కిందికి దిగే దాకా కాలెట్టొద్దని సెప్పాను."

"సెప్పుంటే దిగుతాదేటి?"

"అది పిల్లరా. సెప్పినవన్నీ నువ్వు ఇన్నావేటి?"

బావ నా వైపు తిరిగాడు. ఆ పొద్దున నేను వరండాలోనే పేపరు చదువుతూ కూర్చున్నాను. విన్నది విన్నట్టు చెప్పాను. "అరే తాతా, పూల్‌లో దూధ్ పోసేశావేటి?" అని అమ్మాయి నవ్వుతూ అడగడం విన్నాను. ఆయన ఏదో అనడమూ తెలిసింది. కాని అప్పుడే వంటింట్లో మిక్సీ మొదలైంది. ఆ మాటలు నాకు వినబడలేదు.

అమ్మాయినీ అడిగారు, బతిమాలి ఒకసారి, గద్దించి ఒకసారి. పాల నీళ్లు చూసి నవ్వడం తనకు గుర్తుంది. ఆ తరువాత ఆసుపత్రి పంకా గుర్తుంది. మధ్యలో తాత ఏమన్నాడో, తను దూకిందో, కనబడని మెట్టు మీద కాలు జారిందో గుర్తు లేదు.

బావ కొలను ఎండగట్టి, అందులో మట్టి పోయించాడు. తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే వంట తిన్నారు, కావలసిన మాటలు అక్క ద్వారా చెప్పుకున్నారు. పెద్దాయన పోయేదాకా తను చెప్పాననే అన్నారు. అది నిజమో కాదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.