చేతులతో మాట్లాడిన తాత

సిరిసిల్లలో మేము అద్దెకున్న ఇంటి యజమానిని మా పాప తాత అనే పిలిచేది. ఆయన వయసంతా సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపి గుడ్డ నేసినవాడు. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి అక్కడ అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. పని మానేశాక కూడా ఆయన చేతులకు ఆ అలవాటు పోలేదు. నీళ్లు కావాలన్నా, ఎండ ముదిరిందన్నా నోటికంటే ముందు చెయ్యి లేచేది.

ఒకసారి నాలుగేళ్ల పాపకు టాన్సిల్స్ వాచి జ్వరం వచ్చింది. మింగితే నొప్పని పొద్దుటి నుంచీ నీళ్లు కూడా ముట్టలేదు. ఇలాగే ఉంటే సెలైన్ పెట్టాల్సి వస్తుందని డాక్టరు చెప్పారు. నేను జావ కాచి బతిమాలుతుంటే పళ్లు బిగించి ఏడ్చింది.

ఏడుపు విని, కింది వాటాలో ఉండే తాత పైకి వచ్చాడు.

"మాట్లాడకు బిడ్డా, గొంతు నొస్తది. చేతులతోని చెప్పు" అంటూ దాని ఎదురుగా కూర్చున్నాడు. తనకూ ఒక గ్లాసు పోయమని నాకు సైగ చేశాడు. ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, బ్రహ్మాండంగా ఉందన్నట్టు చెయ్యి ఊపాడు. ఇక నీ వంతు అని వేలు చూపాడు. పాప ఏడుపు ఆపి గుక్కెడు మింగింది. మళ్లీ ఆయన, మళ్లీ అది. పాప గ్లాసు ఖాళీ అయ్యాక మందు కూడా పట్టించాను.

అప్పుడు పాప బొంగురు గొంతుతో అంది. "తాతా, ఉప్పు లేదు."

గిన్నెలో మిగిలింది రుచి చూశాను. నిజమే, కంగారులో మరిచిపోయాను.

"ముందే చెప్పకపోయినవా బాపూ?" అన్నాను.

"మంచిగ తాగుతున్న పిల్లను ఉప్పు కోసం ఎందుకు ఆపాలె బిడ్డా?" అని ఆయన తన గ్లాసులో మిగిలిన చప్పటి జావ కూడా తాగేశాడు.