పెయింటర్ చేతులు

ఆమె బట్టలు సరిచేసే దుకాణంలో మిషను కుట్టేది. భర్త బోర్డులు రాసే పెయింటర్. ఊళ్లో సగం దుకాణాల పేర్లు అతని చేతి రాతే. నిచ్చెన మీంచి జారిపడి తలకు దెబ్బ తగిలేనాటికి అతనికి నలభై రెండేళ్లు. నాలుగో రోజు ఉదయం డాక్టర్లు మెదడు ఆగిపోయిందని తేల్చి చెప్పేశారు.

అవయవదానం సంగతులు చూసే నర్సు వచ్చి నెమ్మదిగా అడిగింది. కిడ్నీలు, కాలేయం, కళ్లు, అన్నిటికీ ఆమె తలూపింది. చివర్న నర్సు కాస్త తటపటాయించింది.

"చేతులు కూడా అడగాలమ్మా. రెండు చేతులూ పోగొట్టుకున్న మనిషి ఒకాయన ఎదురుచూస్తున్నారు. మీరు కాదంటే ఎవరూ ఏమీ అనుకోరు."

అత్తగారు కుర్చీలోంచి లేచింది. "లోపలివంటే కంటికి కనబడవు. చేతుల్లేకుండా నా కొడుకుని ఎలా సాగనంపను?"

"కృత్రిమ చేతులు అమర్చి, చొక్కా తొడిగే పంపిస్తామండీ."

ఆమె భర్త చేతిని ఒళ్లో పెట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది. గోళ్ల కింద నీలం రంగు.

"ఈయన ఒక్కరోజైనా చేతులు ముడుచుకుని కూర్చున్నారా అత్తయ్యా? ఇప్పుడు మాత్రం ఎందుకు కూర్చోబెట్టడం?"

అత్తగారు మెల్లగా మంచం దగ్గరికి వచ్చింది. తర్వాత ఆవిడే గుడ్డ తడిపి, కొడుకు గోళ్లు తుడవడం మొదలుపెట్టింది.

తీసుకున్నదెవరో చెప్పకూడదన్నది నియమం. ఆనాటి నుంచి బస్సులో ఎవరు కడ్డీ పట్టుకున్నా ఆమె చూపు చేతుల మీదికే పోయేది. కళ్లు ఎవరికి వెళ్లాయోనని ఒక్కసారైనా అనుకోలేదు. ఏడాదిన్నరకు ఇక ఉండబట్టలేక ఆసుపత్రికి వెళ్లింది.

"ఒక్కసారి పట్టుకుంటాను, అంతే. మాటైనా మాట్లాడను."

"ఆయన చెవిన వేస్తానమ్మా. ఒప్పుకోమని మాత్రం బలవంతపెట్టలేను," అంది నర్సు.

మూడు వారాలకు నర్సు ద్వారా పేరు లేని ఉత్తరం వచ్చింది. భర్త రాతలోని ఆ గుండ్రటి తలకట్లు, ఠీవిగా సాగే కొమ్ములు కనబడతాయని ఆత్రంగా కవరు చింపింది. లోపల అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతూ, ఒకటో తరగతి పిల్లల రాతలా ఉన్నాయి. చేతులు ఆయనవే. రాత ఇంకెవరిదో.

"అమ్మా, ఇది నేనే రాశాను. నాలుగు రోజులు పట్టింది. మొన్న మా అమ్మాయికి జడ వేశాను, వంకరగా వచ్చింది. మిమ్మల్ని కలవాలంటే భయం. మీరు పట్టుకుంటే ఇవి మళ్లీ మీవైపోతాయేమోనని. క్షమించండి."

చదివించుకుని విన్న అత్తగారు, "ఒక్కసారి కనబడితే అరిగిపోతాడా?" అంది.

"ఇచ్చేటప్పుడు షరతు పెట్టలేదుగా అత్తయ్యా."

అనడమైతే అంది గానీ, ఆ రోజు వేసిన ప్రతి కుట్టూ తప్పింది. కోపం వచ్చింది, పోయింది. ఆ అరచేతిని ఒక్కసారి చెంపకు ఆనించుకోవాలన్న కోరిక మాత్రం పోలేదు.

వారం తర్వాత జవాబు రాసింది. "ముందు చిక్కు తీసి, మూడు పాయలూ సమానంగా తీసుకుంటే జడ వంకర రాదు. చలికి ఆ వేళ్లు పగులుతాయి. పడుకునేముందు కాస్త నూనె రాయండి."

చివరి మాటలు కొట్టేద్దామా అనుకుంది. కొట్టేయకుండానే మడిచి, నర్సు చేతికిచ్చి, పనికి వెళ్లిపోయింది.