రెండు దారులూ పదహారో పేజీకే

ఫ్యాన్ గాలికి కాగితపు చీటీలు టపటపా కొట్టుకునే చప్పుడు వింటే నేను ఇప్పటికీ లేచి ఫ్యాన్ ఆపేస్తాను. మొన్న మా ఆఫీసులో అదే జరిగింది. మేము ఫోన్లో చదువుకునే కథలు వేస్తాం. మధ్యమధ్యలో ఏం చెయ్యాలో చదివేవాళ్లు ఎంచుకుంటే కథ ఆ దారిన సాగుతుంది. ఒక అమ్మాయి తన కథ వినిపించడానికి వచ్చి, మలుపుకొక చీటీ చొప్పున బల్ల నిండా పరిచింది. "ఏది ఎంచుకున్నా చివరికి ఇక్కడికే వస్తారు మేడమ్, వాళ్లకు తెలియదు" అని నవ్వింది. నేను నవ్వలేదు. ఈ కిటుకు తామే కనిపెట్టామనుకుంటారు వీళ్లు. తొంభైల మొదట్లో, నల్లగొండ జిల్లాలో, ఒక ముసలి పంతులు నేల మీద చీటీలు పరిచి ఇలా దారులు చీలే కథ కట్టడం నేను చూశాను. ఆ కథను చెడగొట్టిందీ నేనే.

ఆయన ఖుద్దూస్ సార్. కట్టంగూరు నుంచి లోపలికి పోయే మట్టిరోడ్డు మీద ఒక ఊళ్లో పుట్టి, అక్కడే తెలుగు పంతులుగా రిటైరయ్యారు. ముస్లింల ఇంట పుట్టి తెలుగు చెప్పడమేమిటని ఎవరైనా అంటే, "నీకు రానిది నాకొచ్చింది, ఏం జేద్దాం మరి" అనేవారు. ఆ ఊరి బోరింగు నీళ్లలో ఫ్లోరైడు ఉంది. ఆ నీళ్లకు ఆయన నడుము వంగి, మెడ బిగుసుకుపోయింది. పక్కనున్న మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సిందే. నేనప్పుడు డిగ్రీ ముగించి వయోజన విద్యలో తాత్కాలికపు పనికి చేరాను. కొత్తగా చదవడం నేర్చుకున్న ఆడవాళ్ల కోసం చిన్న పుస్తకాలు తయారు చేయడం నా పని. నా నోటికి జడిసి ఏ అధికారీ నన్ను దగ్గర పెట్టుకోక, ఆ ఊరికి తోశారు. అక్కడ ఆడవాళ్లకు చదువు చెప్పేది సారే.

నేను రాసుకుపోయిన మొదటి కథను సార్ నిలబడే చదివారు. నీళ్లు కాచి తాగాలని అత్తకు బుద్ధి చెప్పే కోడలి కథ అది. చదివి నా చేతికే ఇచ్చేశారు.

"గిందుల సదివేటోళ్లకు పనేమున్నది బిడ్డా?"

"వినడమే సార్. మంచిమాట కదా."

"వినుడు వాళ్లకు పుట్టినకాడి నుంచి అలవాటే. ఏం జేస్తవమ్మా అని ఎన్నడన్న అడిగినవా?"

ఆయన పద్ధతి వేరు. పాత పరీక్ష పేపర్ల ఖాళీ వైపు చీటీలుగా కత్తిరించి, కథలో మనిషి ఆగి నిర్ణయించుకునే ప్రతి చోటునూ ఒక్కో చీటీ మీద రాసేవారు. గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి. మధ్యాహ్నం కూలి నుంచి వచ్చిన ఆడవాళ్లను చుట్టూ కూర్చోబెట్టి, మలుపు దగ్గర ప్రశ్న చదివి, జేబులోంచి తస్బీ, అంటే ఆయన జపమాల, తీసి పూసలు జరిపేవారు. పది పూసలు జరగకముందే ఎవరైనా జవాబు చెప్పేస్తే ఆ చీటీ చింపేసేవారు. "ఎంటనె చెప్పిన్రంటే మనం అడిగింది వట్టిదే. నిజంగ రెండు దార్లుంటె మనిషి ఆగుతడు బిడ్డా."

నేను ఊరుకుంటానా? "ఆలోచించడం రానివాళ్లు కూడా ఆగుతారు సార్" అన్నాను.

"నువ్వెన్నడు ఆగవు గద, అంటే నీకు మస్తు ఆలోచన వస్తదన్నట్టు." ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. నాకు రెండు రోజులు మండింది.

ఎన్నో చీటీలు చింపాక ఒక కథ నిలిచింది. చిన్న కూతురున్న ఒక తల్లి కథ. ఇంటి ముందు బోరింగు నీళ్లు ఎముకలను వంచుతున్నాయి. ఒక దారిలో ఆమె రెండు మైళ్లు నడిచి వాగులో చెలిమె తోడి నీళ్లు మోస్తుంది. ఎండాకాలం వాగు ఎండుతుంది, ఆమె మళ్లీ బోరింగు కొడుతుంది. రెండో దారిలో బిడ్డను మంచినీళ్లున్న పుట్టింట్లో వదిలి వస్తుంది. బిడ్డ కాళ్లు తిన్నగా ఎదుగుతాయి, కానీ పండక్కి వచ్చిన తల్లిని చూసి అమ్మమ్మ కొంగు వెనక దాక్కుంటుంది.

ఆ చీటీ ముందు, కూలి నుంచి వచ్చే ఆడవాళ్లలో ఒకామె, లక్ష్మమ్మ కూర్చుంది. ఆమె పెద్ద కొడుకు కాళ్లు అప్పటికే విల్లులా వంగాయి. కూతురికి మూడేళ్లు. పూసలు జరుగుతూనే ఉన్నాయి. ముప్పై మూడూ అయిపోయి మళ్లీ మొదలయ్యాయి.

"సారూ, గీ పిల్ల నన్ను మర్సిపోదా?"

"మర్సిపోతది కావొచ్చు లక్ష్మమ్మా. ఉన్నదే రాసిన."

ఆమె గులకరాయి తీసి, రెండో దారి మీద చెయ్యి పెట్టింది. "నడిసి బతకనీ. నన్నేమని పిలిస్తేంది" అంది. వారం తిరక్కుండానే కూతుర్ని కల్వకుర్తి అవతల తన తల్లి దగ్గర దింపి వచ్చింది.

ఆ కథను అచ్చు వేయించడానికి సార్, నేను నల్లగొండ ఆఫీసుకు వెళ్లాం. అధికారి మంచివాడే, చాయ్ తెప్పించాడు. చీటీలన్నీ చూసి, "రెండు దారులూ ఏడుపేనా? చివరికి మంచి జరగాలి కదండీ" అన్నాడు.

"జరుగుతె రాయకపోదునా సార్?"

"ఊరు విడిచి పొమ్మని ప్రభుత్వ పుస్తకంలో ఎలా వేస్తాం? దారులు రెండూ ఉంచండి, బాగున్నాయి. రెండూ పదహారో పేజీకి వచ్చేట్టు చేయండి. అక్కడ ఊరికి మంచినీళ్ల ట్యాంకరు వస్తుంది."

"గట్లయితే మరి అడుగుడెందుకు సార్?" అన్నారు ఖుద్దూస్ సార్. కుర్చీలో నడుము నిలవక లేచి, బయట వరండాలో నిలబడ్డారు.

అధికారి నా వైపు తిరిగాడు. జిల్లా అంతా పంచుతామన్నాడు. రచన అని నా పేరు వేస్తామన్నాడు. కూరగాయల దగ్గర, బస్సులో, పెళ్లి పందిట్లో, ఎక్కడ పడితే అక్కడ పోట్లాడే మనిషిని నేను. ఆ రోజు మాత్రం పదహారో పేజీ అక్కడే కూర్చుని రాసిచ్చాను. ట్యాంకరు ముందు బిందెలు, నవ్వే పిల్లలు, చేయి పట్టుకున్న తల్లీకూతుళ్లు. సార్‌కు బస్సులో చెప్పాను. నన్ను చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి కదా, ఆయన తిప్పలేదు.

పుస్తకాలు వచ్చాక మాత్రం ఆయన ఇంటికి పోయి, "నా పేరు తీసేయిస్తాను సార్, మీది వేయిస్తాను" అన్నాను.

"వద్దు. నీ పేరే ఉండనీ. రేపు ఎవలన్న అడగనీకొస్తే మనిషి దొరకాలె."

అడగడానికి లక్ష్మమ్మే వచ్చింది. మేము ఎవరమూ అనుకోనిది చేసింది ఆమె. చీటీ మీద ఉన్నది ఖుద్దూస్ సార్ చేతిరాత, అది కథ. అచ్చులో, సర్కారు ముద్రతో వచ్చింది మాత్రం ఆమెకు కబురు. అక్షరం అక్షరం కూడబలుక్కుని పదహారో పేజీ చదివి, ఊరికి నీళ్లొస్తున్నాయని నమ్మి, మర్నాడే పోయి కూతుర్ని తెచ్చుకుంది. ఆరు నెలలు చూసి, పుస్తకం పట్టుకుని సార్ ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. సార్ ఒళ్లంతా తిప్పి నన్ను చూపించారు. "రాసినామె గీడనే ఉన్నది, అడుగు."

"మేడమ్, గిండ్ల నీళ్లొచ్చినయి. మా ఊర్లకు ఎన్నడొస్తయి?"

అది కథేనమ్మా, పిల్లను మళ్లీ పంపు అని గొణిగాను. "మళ్లెట్ల పంపుదు మేడమ్? ఇప్పుడిప్పుడే అమ్మా అంటాంది" అంది. పిల్ల పక్కనే నిలబడి ఉంది. అప్పటికింకా కాళ్లు తిన్నగానే ఉన్నాయి. మరో మూడేళ్లకు మోకాళ్ల దగ్గర బయటికి వంగడం మొదలైంది. ఆ ఏడే సార్ పోయారు. వంగిన నడుముతోనే పూడ్చారు, సరి చేయడానికి వీలు కాలేదట.

అప్పటి నుంచి ఏ కథ నా చేతికి వచ్చినా రెండు దారులూ చివరిదాకా నడిచి చూడకుండా సంతకం పెట్టను. మేము వేసే ప్రతి కథ కింద రాసినవాళ్ల పేరు, ఉత్తరం చేరే చిరునామా ఉండాల్సిందే. ఇప్పుడెవరు రాస్తారు ఉత్తరాలని ఆఫీసులో నవ్వుతారు, నేను పోట్లాడి వేయిస్తాను. లక్ష్మమ్మ కూతురికి ముప్పై దాటి ఉంటాయి. కర్ర లేనిదే అడుగు వేయలేదని విన్నాను. ఆమె నన్ను ఇంతవరకు ఏమీ అడగలేదు. చదవడం, రాయడం మాత్రం ఆమెకు బాగా వచ్చు. వాళ్లమ్మే నేర్పిందట, ఇంట్లో ఉన్న ఆ ఒక్క పుస్తకంతో.