అంగుస్తానా తొడుక్కున్న బైరాగి

పళ్ల డాక్టరు గదిలో, కుర్చీకి ఎదురుగా, కుడిచెయ్యి పైకెత్తి నిలబడ్డ బైరాగి బొమ్మ ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆ బైరాగి ఎవరో కాదు, ఫ్రేముల కొట్టు ముందుగదిలో కూర్చుని బట్టలు కుట్టే దర్జీయేనని ఒక పుకారు. చూసినవాళ్లు లేరు, ఒట్టేసినవాళ్లు లేరు. అయినా కాళ్లు లేని మాటే కదా ఊరంతా తిరిగేది!

దర్జీ బక్కప్రాణి. ఎంత బక్కంటే, గాలి గట్టిగా వీస్తే మిషను పట్టుకుని జెండాలా ఎగురుతాడు. నోట్లో నాలుక లేదు గానీ చేతిలో కత్తెర ఉంది. అతను కోసిన కాలరు తొడుక్కున్నవాడి మెడ పోయినా నిలబడే ఉంటుంది. చూపు మాత్రం ఆనదు. కొట్టు కిటికీ కింద పడే వెలుగులోనే సూదిలోకి దారం ఎక్కుతుంది. ఆ కిటికీ, ఆ కుడిచెయ్యి, ఇవే అతని ఆస్తి. అందులో కిటికీ అతని సొంత అన్నయ్యది, అంటే కొట్టు యజమానిది.

పళ్ల డాక్టరుకి ఒక పిచ్చి. మన బైరాగులు ఒళ్లు హింసించుకుంటుంటే ఐరోపా వాళ్లు ఎప్పుడో రాగిరేకుల మీద చెక్కి అచ్చేసిన బొమ్మలు కొంటాడు. మేకుల మీద పడుకున్నవాడు, మంటమీద తలకిందులుగా వేలాడేవాడు, వీపుకి కొక్కెం గుచ్చుకుని గిరగిరా తిరిగేవాడు, అందరూ ఆ గదిలోనే ఉన్నారు. వాళ్లని చూశాక పన్ను పీకితే ఎవడూ అరవడట.

"ఇంకొక్కడు మిగిలాడయ్యా" అన్నాడు ఒకరోజు ఫ్రేములు కట్టించుకోడానికొచ్చి. "కుడిచెయ్యి పన్నెండేళ్లు దించనివాడు. నీ దగ్గరున్నాడా?"

"లేకేమండీ! అటక మీద ఎక్కడో ఉన్నాడు. వెతికి తెస్తా" అన్నాడు అన్న.

అటక మీద ఉన్నవి ఎలకలు. కానీ అన్న ముప్పై ఏళ్లుగా ఇత్తడి నేమ్‌ప్లేట్ల మీద పేర్లు చెక్కినవాడు. రాగిరేకైతేనేం, ఇత్తడిరేకైతేనేం, చెక్కితే బొమ్మ రాదా అనుకున్నాడు. డాక్టరు గడప దాటగానే తమ్ముణ్ని కేకేశాడు.

"ఒరేయ్, చొక్కా విప్పి ఇలా రా."

"కొలతలా అన్నయ్యా?"

"నీకు కొలతలెందుకురా, ఎముకలు లెక్కపెట్టుకుంటే చాలు. కుడిచెయ్యి ఎత్తు."

"ఎంతసేపు?"

"వాడు పన్నెండేళ్లు ఎత్తాడు. నువ్వు పన్నెండు రోజులు ఎత్తలేవూ?"

"అది కత్తెర పట్టే చెయ్యి అన్నయ్యా..."

"సరే అయితే. మిషను వెనకగదిలోకి జరిపిస్తా. ఆ చీకట్లో చెయ్యి హాయిగా దించుకుని కూర్చో."

దర్జీ చెయ్యెత్తాడు.

మధ్యాహ్నానికే వాలిపోతుంటే, ఫ్రేములు వేలాడదీసే తాడుతో మణికట్టుని దూలానికి కట్టాడు అన్న. ముక్కుమీద ఈగ వాలినా కదలకూడదు. వదిన వచ్చి చూసింది. "అయ్యో మరిదీ" అని జాలిపడి, ఎలాగూ చెయ్యి ఖాళీగానే ఉందని తడి తువ్వాలు దానిమీద ఆరేసిపోయింది. నాలుగోరోజుకి వేళ్లు వంకాయల్లా అయ్యాయి. మధ్యవేలికి అంగుస్తానా ఉండిపోయింది, సూది దిగకుండా దర్జీలు తొడుక్కునే ఇనప టోపీ. అది లాగినా రాదు. అన్న కంటికి ఏది కనబడితే అది చెక్కుకుంటూ పోయాడు, అంగుస్తానాతో సహా.

పన్నెండోరోజు రేకుకి సిరా పూసి, పాత పుస్తకంలోంచి చింపిన ఖాళీ కాగితం మీద అచ్చు తీసి, టీ నీళ్లలో ముంచి ఆరబెట్టి డాక్టరు ముందు పెట్టాడు.

డాక్టరు కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇది ఎడమచెయ్యి కదయ్యా."

అన్న కాగితం చూశాడు, లోపలికెళ్లి రేకు చూశాడు. రేకు మీద కుడి, కాగితం మీద ఎడమ! నేమ్‌ప్లేటుని గోడకి కొడతారు గానీ అచ్చు తీయరు కదా. తిరగబడుతుందని ముప్పై ఏళ్లలో తెలుసుకోవలసిన పనే పడలేదు పాపం. అయినా తడుముకోలేదు.

"వీడు వాడి తమ్ముడండీ. అసలువాడు ఇంకా అటకమీదే ఉన్నాడు."

ఆ సాయంత్రమే తమ్ముడి ఎడమచెయ్యి దూలానికెక్కింది. కుడిచెయ్యి కింద వేలాడుతోంది, అంగుస్తానాతో. భుజం అప్పటికే బిగుసుకుపోయింది. "ఒక్కరోజు ఆగు అన్నయ్యా, ఇది కాస్త కదలనీ" అన్నాడు దర్జీ.

"కదిలితే నాకు మళ్లీ గీత చెడుతుంది. అలాగే ఉండనీ, బాగుంది."

ఐదోరోజు వదిన కొట్టులో అద్దాలు తుడుస్తోంది. అన్న అమ్మేది ఫ్రేములే కాదు, అద్దాలు కూడా. గోడనిండా నలభై అద్దాలు, నలభై అద్దాల్లో నలభైమంది దర్జీలు. వాళ్లందరూ ఎత్తినది రెండో చెయ్యే.

"ఏవండీ, ఆ మొదటి బొమ్మని అద్దంలో చూసుకుని చెక్కితే సరిపోయేదిగా?" అంది.

గోడమీద పాకే బల్లి కూడా ఆగిందట. అన్న ఉలి ఆపాడు. అద్దాలకేసి చూశాడు. తమ్ముడికేసి చూశాడు. తమ్ముడు నోరు తెరిచాడు.

"నోరు ముయ్యి. పెదాల గీత చెడుతుంది" అని, పెళ్లాం వైపు తిరిగి, "ముందే చెప్పి ఏడవద్దూ? సగం అయిపోయింది. ఇప్పుడాపితే రేకు దండగ!" అన్నాడు.

ఇంకో వారం ఆ చెయ్యి దిగలేదు.

బొమ్మ డాక్టరుగారికి తెగ నచ్చింది. కిందికి వేలాడే చేతికున్న టోపీ చూపించి, అది బైరాగుల దీక్షా చిహ్నమని నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్లందరికీ చెబుతాడు. కాదనడానికి వాళ్ల నోట్లో దూది.

అన్న మాటమీద నిలబడేవాడే. కిటికీ తమ్ముడికే ఉంచాడు. వెలుగు పుష్కలంగా ఉంది. కుడిచెయ్యే రొమ్ము దాటి లేవదు. కత్తెర పడితే జారిపోతుంది. కాలర్లు కోసినవాడు ఇప్పుడు గుండీలు కుడుతున్నాడు.

మొన్న పంట్లాం అంచు మడిపించుకోడానికి వెళ్లి, మెల్లగా ఆ పుకారు సంగతి కదిపి చూశాను. మెడలోని టేపు తీయడానికి చెయ్యి లేవక, తల వంచి దాన్ని ఒళ్లోకి జార్చుకున్నాడు. లోపల అన్న ఉలి చప్పుడు ఆగింది. దర్జీ ఒకసారి కిటికీకేసి చూసి గొంతు పెంచాడు.

"ఎవరండీ మీకు చెప్పింది? మా అన్నయ్య నన్ను కట్టేయడమేంటి! మెట్లమీద జారిపడ్డాను, అంతే. ఆ బొమ్మ రెండొందల ఏళ్ల నాటిదని డాక్టరుగారే చెబుతున్నారు. అప్పటికి నేను పుట్టానా?"