రియాక్టివ్ అన్న మాట

కడుపుతో ఉన్న మొదటి నెలల్లో నాకు జ్వరం పట్టుకుంది. మెడకు రెండుపక్కలా బిళ్ళలు కట్టినాయి, ఎంగిలి మింగాలన్నా గొంతు నొప్పి. అప్పట్లో నేను ఆళ్ళగడ్డలో ఒక చిన్న బడిలో నర్సరీ పిల్లలకు చదువు చెప్పేదాన్ని. నా భర్తది విత్తనాల అంగడి. జ్వరం తగ్గినా నీరసం పోలేదు. ఆ నీరసంతోనే, గర్భిణులకు మామూలుగా చేసే రక్తపరీక్షలు చేయించుకున్నా.

రిపోర్టు కోసం పోతే ల్యాబాయన దాన్ని నా చేతికి ఇవ్వలేదు. నా భర్తను పక్కకు పిలిచినాడు. పక్కకు అంటే రెండడుగులే. వీడీఆర్ఎల్ రియాక్టివ్ వచ్చిందనీ, అది సుఖరోగానికి చేసే పరీక్ష అనీ ఆయన చెప్పింది బెంచీ మీద కూచున్న ఆడవాళ్ళందరికీ వినబడింది. ఇది మొదటి వడపోత మాత్రమేననీ, ఖాయం చేసుకోవాలంటే ఇంకో పరీక్ష చేయించాలనీ ఆ కాగితం కిందనే అచ్చేసి ఉంది. ఆ ముక్క ఎవరూ పైకి చదవలేదు.

మర్నాడు నా భర్త అంగడి తెరవకుండా పోయి తన రక్తం ఇచ్చొచ్చినాడు. సాయంత్రం రిపోర్టు తెచ్చి టీవీ పక్కన పెట్టి, నా మొగం చూడకుండా, "నాకేం లేదు" అన్నాడు. ఆ గొంతులో ఊరట విన్నాక నాకు అర్థమైంది. ఆయనకు లేదంటే అది నేను యాడనుంచో తెచ్చుకున్నదే. ఆయన లెక్కలో తీర్పు అయిపోయింది. రెండో పరీక్ష సంగతి నేను ఎత్తితే, పుట్టింటికి పోయి చేయించుకోమన్నాడు. నంద్యాలలో మా అమ్మ ఇంటి గడప దగ్గర నన్ను దింపి, ఆమెకు విషయం చెప్పి, నీళ్ళు కూడా తాగకుండా వెనక్కి పోయినాడు.

అమ్మ అన్నం పెట్టింది. తింటాంటే పక్కన కూచోని గొంతు తగ్గించి అడిగింది.

"నిజం చెప్పు. పెళ్ళికి ముందు ఏమన్నా జరిగిందా?"

లేదన్నాను. ఆమె ఇంకేం అడగలేదు. కానీ ఆ సాయంత్రం నుంచి నా టవలు వేరే తీగ మీద ఆరింది.

రెండ్రోజులకు మా అత్త ఆళ్ళగడ్డ నుంచి ఒక్కతే బస్సులో వచ్చింది. పెళ్ళయినకాడ్నుంచి నన్ను ఒక్క మాట మెచ్చుకున్న మనిషి కాదు. తిట్టడానికే వచ్చిందనుకున్నా. ఆమె కూచోకుండానే, చీర మార్చుకో, పెద్ద డాక్టరమ్మ దగ్గరికి పోదాం అంది. పరువు సంగతి మా అమ్మ ఏదో అనబోతే అడ్డం తగిలింది.

"నా కోడలు ఎట్లాంటిదో నాకు తెలుసు. ఆ కాగితం ఎట్లాంటిదో తెలుసుకోవల్ల."

డాక్టరమ్మ నా మెడ తడిమి చూసి, జ్వరం గురించి చాలాసేపు అడిగింది. రెండు పరీక్షలు రాసింది. సుఖరోగాన్ని ఖాయం చేసేది ఒకటి, మోనో అనే గ్రంథుల జ్వరానికి ఒకటి. మొదటిది నెగటివ్ వచ్చింది, రెండోది పాజిటివ్. ఆమె మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. వీడీఆర్ఎల్ నేరుగా ఆ రోగం క్రిమిని వెతకదంట. వేరే జ్వరం వచ్చినా, ఒక్కోసారి కడుపుతో ఉన్నా కూడా రియాక్టివ్ చూపిస్తుందంట. మోనో ఎంగిలి వల్ల అంటుకునే జ్వరం, చిన్నపిల్లల మధ్య ఉండేవాళ్ళకు రావచ్చు అంది.

బయటికొచ్చి నేను ఏడ్చినాను. అత్త నా జబ్బ పట్టుకొని, "ఏడవొద్దు. చూసినోళ్ళు తప్పు చేసినావనుకుంటారు" అంది.

నా భర్త వచ్చి రిపోర్టు చదివి నవ్వినాడు. అయితే ఏం లేదన్నమాట, ఇంక వదిలెయ్ అన్నాడు. అప్పుడు అత్త, "వదిలెయ్యమని చెప్పాల్సింది నువ్వు కాదురా" అంది. ఆయన తల వంచుకొని నా సంచి అందుకున్నాడు. ఆయనతోనే పోయినాను. అమ్మ ఇంట్లో ఉండటం అంతకన్నా కష్టమైంది.

ఆ రోజు ల్యాబులో బెంచీ మీదున్న ఆడవాళ్ళలో ఒకామె బిడ్డ మా బడిలోనే చదివేది. కాన్పు అయ్యేదాకా రావద్దన్నారు బడివాళ్ళు. తర్వాత పిలవనే లేదు. మొదటి రిపోర్టు దానంతటదే ఊరంతా తిరిగింది. రెండోదాన్ని ఎవరి గడపకని మోసుకుపోను?

బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది. నా భర్త దాన్ని కిందికి దించడు. మంచి మొగుడు దొరికినాడని అందరూ అంటారు, నేను తల ఊపుతాను. ఆ రోజుల గురించి ఆయన ఇంతవరకు ఒక్క మాట అడగలేదు.

పోయిన ఏడాది అత్త చనిపోయింది. కర్మల రోజు మా అమ్మ నా పక్కన కూచోని, మంచి మనిషి పోయింది అంది. అవునన్నాను. అమ్మతో అంతకుమించి మాట్లాడటం నాకు ఇప్పటికీ చేతకావడం లేదు.